అరుగు దాటరాని అతిథి



క్రిందటి మాసమున నీ శీర్షికక్రింద మిరపపండ్ల నిలువను గూర్చి వ్రాయుచు, ప్రసంగవశమున ‘ఫోనులోనికి వచ్చిన ప్రతి దస్త్రమును తెఱవరాదు’ అని యొక్క వాక్యము చేర్చితిని. మిరపకంటె నా యొక్క వాక్యమునకే ఎక్కువ జాబులు వచ్చినవి. వానిలో దర్శి ప్రాంతపు సోదరి వ్రాసిన జాబు నన్ను మిక్కిలి యాలోచింపజేసినది. పంటసాయము పేరిట నొక దస్త్రము ఆమెకు వాట్సాపులో వచ్చినదట. పంపినది స్వయముగా తోడికోడలి ఫోను. ఆమె దానిని తెఱవక నిలిపి, ఇంట విచారించినది. మఱది ‘ఫోను చేసినవారు లోపల గోడలు కట్టియే యుందురు, వదినా, భయమేల?’ అనెను. కుమారుడు ‘తాకినంతనే సర్వము పోవునమ్మా’ అనెను. ఎవరి మాట నిజమనియు, అనుమానము గల దానిని హాని లేకుండ తెఱచి చూచు నుపాయమే లేదా యనియు ఆమె ప్రశ్న.

ఇద్దఱి మాటలోను సగము సగము నిజము గలదు. ఇక కడపటి ప్రశ్న సామాన్యమైనది గాదు. దానికి సమాధానము వెదకుచు యంత్రశాస్త్రజ్ఞులు దాదాపు అఱువది యేండ్లుగా శ్రమించుచున్నారు.

ముందుగా యాప్ అనునదేమో తెలిసికొందము. అది ఆజ్ఞల వరుస. వంటమనిషికి వ్రాసి యిచ్చిన చీటి వంటిది. ఫోను లోపలి యంత్రము మహావిధేయము గాని, వివేకము మాత్రము సున్న. ‘పప్పు కడుగుము’ అని వ్రాసిన కడుగును. ‘బీరువా తాళపుచెవి వీథిలో పాఱవేయుము’ అని వ్రాసిన నట్లే చేయును. ఆ చీటి మనము చదువు భాషలో నుండదు. కావున పైపేరును, పైబొమ్మను చూచి లోపలి యాజ్ఞ లెట్టివో గ్రహించుట మనకు సాధ్యము గాదు.

మన మెట్టసీమ యాడువారికి ఇది క్రొత్త సంగతి యగునా? ప్రత్తివిత్తుల పొట్లముపై బొమ్మ ఎంత నిగనిగలాడినను లోపలి గింజ మొలచునని ఆ బొమ్మ హామీ యీయదు. నకిలీవిత్తులచే నష్టపడిన కుటుంబములు మన పల్లెలలో లేకపోలేదు. అందుచేతనే తెలిసిన రైతు శనగలు చల్లుటకు ముందు నూఱు గింజలు లెక్కపెట్టి, తడిగోనెలో చుట్టి, కొన్నాళ్లాగి, ఎన్ని మొలకలు వచ్చినవో చూచుకొనును. చెడినచో నూఱు గింజలు చెడును, పొలము చెడదు. నమ్మకము లేనిదానిని చిన్నచోట, వేఱుచోట, మన యాస్తితో సంబంధము లేనిచోట ముందుగా నడిపి చూచుట యనునదే ఈ శాస్త్రమునకు మూలము.

దీనికి ఇంగ్లీషువారు ‘శాండ్‌బాక్స్’ అని పేరు పెట్టిరి. అనగా పిల్ల లాడుకొను ఇసుకపెట్టె. అందులో పిల్లవాడు కోటలు కట్టినను, కూల్చినను ఇంటిలోనికి ఇసుక రాదు. 1993లో కాలిఫోర్నియాలోని బర్క్లీ పండితులు కొందఱు ఒక ప్రసిద్ధవ్యాసములో నీ మాట వాడిరి. పేరునకంటె పని ప్రాచీనమైనది. ఒకే పెద్ద యంత్రమును లోలోపల అనేక యంత్రములుగా విభజించి, ఒక్కొక్కరికి ఒక్కొక్కటి యున్నట్లు తోపజేయు విద్యను ఐ.బి.ఎం. సంస్థవారు 1960ల దశకముననే సాధించిరి. 1979లో వెలువడిన యూనిక్స్ ఏడవ రూపములో, ఒక కార్యక్రమమునకు ఇల్లంతయు చూపక, ఒక్క గదినే చూపి ‘ఇదియే ఇల్లు’ అని నమ్మించు నుపాయము చేర్చబడినది. ఈ చరిత్ర యంతయు మనకు కంఠస్థము గానక్కఱలేదు. ఇసుకపెట్టె యను పేరు మాత్రము మన యిండ్లకు పొసగదని నా యభిప్రాయము. మనకు దానికంటె చక్కని మాట యున్నది.

మన పాత యిండ్ల కట్టడమును తలచుకొనుడు. వీథివాకిట అరుగు, దాని వెనుక చావడి, ఆపైన మండువా, కట్టకడపట వంటయిల్లు, దేవునిగూడు. బాటసారి వచ్చినచో అరుగుమీద కూర్చుండబెట్టి మంచినీళ్లిత్తుము, మజ్జిగ ఇత్తుము. అతడు సజ్జనుడా, దుర్జనుడా యని విచారణ చేయము. చేయ నవసరమును లేదు. ఏలయన అరుగుమీదినుండి వంటయింటి డబ్బాలవఱకు చేయి సాగదు. అతిథి గుణము మన వశములో లేనిది. అతని చేయి సాగు దూరము మన వశములోనిది. ఇందు అతనికి అవమానము లేదు, మనకు వెఱపు లేదు.

2008వ సంవత్సరమున వెలువడిన ఆండ్రాయిడ్ ఫోనులలో నీ కట్టడము మొదటినుండియు గలదు. ఫోనులోనికి వచ్చు ప్రతి యాప్‌నకును యంత్రము ఒక ప్రత్యేక సంఖ్య నిచ్చును. ఆ యాప్ తన గదిలో తన వస్తువులు దాచుకొనవచ్చును గాని, వేఱొక సంఖ్య గలదాని గదిలోనికి తొంగిచూడ వలనుపడదు. ఈ సంఖ్యల పద్ధతి పుట్టినదే యొక వింత. పూర్వము విశ్వవిద్యాలయములలో ఒకే యంత్రమును పలువురు మనుష్యులు పంచుకొను కాలమున, ఒకరి కాగితములు మఱియొకరు చదువకుండ మనిషి కొక సంఖ్య ఏర్పఱచిరి. ఆండ్రాయిడ్ నిర్మించినవారు ఆ మనుష్యుల స్థానమున యాప్‌లను నిలిపిరి. ఉమ్మడికాపురములో ఒక్కొక్క కోడలికి ఒక్కొక్క గదియు తాళపుచెవియు ఇచ్చినట్లన్నమాట. 2014లో వచ్చిన అయిదవ రూపమునాటికి ఈ గదులన్నిటికి రెండవ తాళము పడినది. గదిలోనివారు తామే తలుపు బార్లా తెఱచిపెట్టినను ఈ రెండవది తెఱచుకొనదు. దాని చెవి ఇంటి పెద్దయొద్ద మాత్రమే యుండును.

కావున సోదరి మఱది చెప్పినది అబద్ధము గాదు. నకిలీ కిసాను యాప్ మీ బ్యాంకు యాప్ గదిలోనికి గోడ దూకి పోలేదు.

ఇంతియ కాదు. ఎవరో ఎఱుగనివారి యాజ్ఞలను మనము ప్రతిదినమును మన ఫోనులో నడుపుచునే యున్నాము. పిల్లల పరీక్షాఫలితములకై అంతర్జాలపు పుట తెఱచుదుము. ఆ పుటతో గూడ ఆజ్ఞల కట్ట యొకటి వచ్చి మన యంత్రములో నడచును. వంటల పుటయైనను, పంచాంగపు పుటయైనను అంతే. ఆ కట్టలు వ్రాసిన వారెవరో మన కేమి తెలియును? తెలియకున్నను ప్రమాదము లేకుండ సాగుచున్నదన, ఆ యాజ్ఞలు అరుగుమీదనే యాడి అరుగుమీదనే అణగుటయే కారణము. 2008లో వచ్చిన క్రోమ్ బ్రౌజరు, పుటలను చిత్రించు భాగమును యంత్రములోని తక్కిన భాగమునుండి వేఱుచేసి, దానికి చేతులు కట్టివేసి కూర్చుండబెట్టినది. నేడు తక్కిన బ్రౌజరులన్నియు నించుమించుగా నదే మార్గమున నడచుచున్నవి.

గోడ లింత గట్టివైనచో సొమ్ము ఎట్లు పోవుచున్నది? సోదరి కుమారుని మాటలోని నిజ మిచ్చట నున్నది. దొంగలు గోడ పగులగొట్టుట లేదు. తలుపు తట్టి, మర్యాదగా అనుమతి యడుగుచున్నారు.

గోడలే యుండి తలుపులు లేనిచో ఏ యాప్‌ను ఎందుకును కొఱగాదు. ఫొటో తీయుదానికి కెమెరా కావలెను. దారి చూపుదానికి మన మున్నచోటు తెలియవలెను. అందుచేత ప్రతి గదికిని కొన్ని తలుపులు పెట్టి, వాని గడియలు మన చేతికిచ్చిరి. 2015లో వచ్చిన ఆఱవ రూపమునకు ముందు యాప్ లోనికి వచ్చునపుడే గంపగుత్తగా అన్ని తలుపులకు సమ్మతి యడుగుచుండెను. ఆఱవ రూపమునుండి, అవసరము వచ్చినపుడు ఒక్కొక్కటిగా అడుగు పద్ధతి ఏర్పడినది. తెరమీద ‘అనుమతింతురా?’ అని చిన్న పెట్టె వచ్చును గదా, అదే. వంటతొందరలో మనము చదువకయే ‘సరే’ యని నొక్కుదుము. దొంగ కావలసిన దా యొక్క నొక్కుడే.

ఆ తలుపులలో రెంటిని గూర్చి వివరముగా చెప్పవలసియున్నది. మొదటిది ఎస్సెమ్మెస్ చదువు తలుపు. బ్యాంకువారు మన గుఱుతు నిర్ధారించుకొనుటకు ఓటీపీ యను సంఖ్యను ఫోనునకు పంపుదురు. ఎస్సెమ్మెస్‌లు చదువు ననుమతి పొందిన దొంగయాప్ బ్యాంకు గదిలోనికి పోనక్కఱయే లేదు. బ్యాంకువారు మనకు వ్రాసిన చీటిని మనకంటె ముందు చదివి, దూరముననున్న యజమానికి పంపిన చాలును. రెండవది ‘యాక్సెసిబిలిటీ’ యను తలుపు. దాని పుట్టుక పుణ్యప్రదమైనది. చూపు లేనివారికి తెరమీది యక్షరములు చదివి వినిపించుటకును, చేతులు స్వాధీనములో లేనివారి పక్షమున మీటలు నొక్కుటకును దానిని చేసిరి. ఆ తలుపు దొంగకు తెఱచితిమా, మన తెరమీద కనబడునదంతయు వాడు చదువును. మన వ్రేలికి బదులుగా తన వ్రేలు పెట్టి నొక్కును. ఇక గోడలుండియు లేనట్లే. 2022లో వచ్చిన పదుమూడవ రూపములో, అంగడినుండి గాక బయటినుండి వచ్చిన యాప్‌లకు ఈ తలుపు సులభముగా తెఱచుకొనకుండ అడ్డుకఱ్ఱ వేసిరి. దొంగలు ఏమి చేసిరో చూడుడు! తామే ఫోను చేసి, ‘అమ్మా, మూడు చుక్కలు కనబడుచున్నవా? అచ్చట నొక్కుడు, ఆ పిమ్మట ఇచ్చట నొక్కుడు’ అని అడ్డుకఱ్ఱ తీయు విధమును మన కడుపులోని బిడ్డలవలె వినయముగా బోధించుచున్నారు.

సీతాపహరణమున రావణుడు పర్ణశాల గోడ కూల్చి వచ్చెనా? కాషాయము కట్టి, కమండలము పట్టి, భిక్షుకుడై వచ్చెను. లక్ష్మణుడు గీచిన గీత దాటుటచేతనే ఆపద వచ్చినదని చెప్పి, తప్పంతయు సీతమ్మపై మోపువారు గలరు. వాల్మీకి రామాయణమున ఆ గీతయే లేదు! అతిథి వేషమున వచ్చినవానికి మర్యాద చేయుట ఇల్లాలి ధర్మమై యుండెను. ఆ ధర్మమునే వాడు ఆయుధముగా జేసికొనెను. దోషము వేషధారిది. ఈ మాట నింత గట్టిగా చెప్పుటకు కారణము గలదు, తరువాత తెలియును.

మన పల్లెలలో నేటి వేషములు ఎట్టివో చూతము. 2019 ఫిబ్రవరిలో మొదలైన పీఎం కిసాను పథకము క్రింద ఏటికి 6,000 రూపాయలు మూడు విడతలుగా రైతు ఖాతాలో పడును. 2025 ఆగస్టు 2న ప్రకాశము జిల్లా దర్శి మండలములోనే ఆంధ్రప్రభుత్వము అన్నదాతా సుఖీభవ పథకము నారంభించి, రాష్ట్రపు 5,000, కేంద్రపు 2,000 కలిపి తొలివిడతగా ఇచ్చినది. ఇట్టి విడత పడు దినములలో ప్రతి యింట ‘డబ్బు పడినదా?’ యని ఫోను చూచుకొనుట సహజము. ఆ నిరీక్షణకు సరిపోవునట్లే ‘పీఎం కిసాన్’ అని పేరు పెట్టుకొని, చివర ‘ఏపీకే’ యను తోక గల దస్త్రము వచ్చును. ఏపీకే యనగా ఆండ్రాయిడ్ యాప్ మూట. ఇట్టి మూటలను గూర్చి రెండు తెలుగు రాష్ట్రముల పోలీసువారును హెచ్చరికలు చేసిరి. బండి నడుపువారికి రవాణాశాఖ చలానా యని వచ్చును. మనకు పెండ్లిపిలుపు అని వచ్చును. శుభలేఖ చూచుటకు యాప్ ఏల? శుభలేఖ బొమ్మగా రావచ్చును, పీడీఎఫ్ కాగితముగా రావచ్చును. ఏపీకేగా వచ్చిన శుభలేఖ శుభలేఖ గాదు. పసుపు పూసికొని వచ్చిన మనిషి.

పీఎం కిసానునకు నిజమైన యాప్ లేకపోలేదు. అది ప్లే స్టోరు అను అంగడిలో నుండును. వాట్సాపులో దస్త్రమై రాదు. 2025 జనవరి 30న మన ప్రభుత్వము ‘మన మిత్ర’ పేర వాట్సాపుద్వారా సేవలు ప్రారంభించినది. మంచి యేర్పాటే; కచేరీల చుట్టును తిరుగు శ్రమ తగ్గినది. ఐనను దానితో వాట్సాపులో సర్కారువారు మాటలాడుట మనకు వాడుక యైనది. దొంగలకు అంతకంటె అనువైన వేషము వేఱొకటి యుండునా?

సోదరి తోడికోడలి సంగతి యేమందురా? ఆమె పంపియుండదు. ఆమె ఫోను పంపియుండును. అనుమతు లిచ్చిన పిమ్మట ఇట్టి యాప్ ఫోనులోని బంధుమిత్రులందఱికి తన్ను తానే పంపుకొనగలదు. లేదా, దొంగ ఆమె వాట్సాపునే తన వశము చేసికొని పంపవచ్చును. తెలిసినవారినుండి వచ్చినదను ధైర్యము ఇచ్చట చెల్లదు. అంతేకాదు, ఆమెకు వెంటనే మాటద్వారా తెలుపవలెను. ఆమె ఖాతాకే ముందు ఆపద.

ఇక ‘హాని లేకుండ తెఱచి చూచుట’. కంప్యూటరు గలవారికి ఇందు కొన్ని యుపాయములున్నవి. హైదరాబాదున పుట్టిపెరిగిన సత్య నాదెళ్ల 2014నుండి నాయకత్వము వహించుచున్న మైక్రోసాఫ్టు సంస్థ, 2019లో ‘విండోస్ శాండ్‌బాక్స్’ అను దానిని ఇచ్చినది. దానిని తెఱచినచో కంప్యూటరులో క్రొత్త కంప్యూటరొకటి శుభ్రముగా కనబడును. అనుమానము గల కార్యక్రమమును అందులో నడిపి, పని తీరినంతనే మూసివేయవలెను. మూసినంతనే అందులోనిది సమస్తము నశించును. మఱల తెఱచినచో మఱల క్రొత్తదే. దీనిని చదివినపుడు నాకు విస్తరాకు స్ఫురించినది. కంచమైన తోమవలెను, తోమినదో లేదో పరీక్షింపవలెను. విస్తరికి ఆ బాధ లేదు, భోజనమైనంతనే పెంటకుప్పకు పోవును. కాని సాధారణ గృహములలోని ‘హోమ్’ రకపు విండోసులో నీ సౌకర్యము లేదు. ‘ప్రో’ రకములో నుండును. మఱియు సోదరికి వచ్చినది ఫోను మూట గావున, ఈ విస్తరిలో అది వడ్డింపబడనే పడదు.

దస్త్రమును తెఱవకయే పరీక్ష చేయించుటకు ‘వైరస్‌టోటల్’ అను పుట గలదు. 2004లో స్పెయిన్ దేశమున పుట్టి, 2012లో గూగుల్ వారి చేతికి వచ్చినది. అనుమానపు దస్త్రమును అచ్చటికి పంపినచో, పదులకొలది విషనాశక యంత్రములు దానిని చూచి తమ యభిప్రాయము చెప్పును. అచ్చటికి పంపిన దస్త్రములను ఇతర పరీక్షకులును చూడగలరు. కావున మీ పాసుపుస్తకపు నకళ్లు, ఆధారు కాగితములు మాత్రము పంపరాదు.

ఐనను పరీక్షలో మంచిదని తేలిన ప్రతిదియు మంచిది గాదు. కౌటిల్యుడు అర్థశాస్త్రమున రాజు భోజనమును ముందుగా అగ్నికిని పక్షులకును అర్పించి చూడవలెనని విధించెను. పక్షి వెంటనే కూలినచో విషమని తెలియును. మెల్లగా ఎక్కు విషమైనచో? ఈ దొంగ కార్యక్రమములలోను అట్టివి గలవు. తామున్నది నిజమైన ఫోనా, పరీక్షకులు కట్టిన మాయాగృహమా యని చుట్టును చూచుకొని, పరీక్షాగృహమని తోచినచో చేతులు కట్టుకొని కూర్చుండును. కొన్ని దినముల తరబడి కదలవు. అరుగుమీద రెండుగడియలు పెద్దమనిషివలె కూర్చున్నాడని ఇంటి తాళములు అప్పగింతుమా? కావున పరీక్షవలన చెడ్డదని తెలియవచ్చును గాని, మంచిదని రూఢిగా తెలియదు.

గోడలు సయితము శాశ్వతములని యెంచరాదు. 2018 జనవరిలో ‘మెల్ట్‌డౌన్’, ‘స్పెక్టర్’ అను రెండు లోపములు లోకమునకు వెల్లడియైనవి. యంత్రపు మెదడు తొందర గలది. యజమాని ఆజ్ఞ పూర్తిగాక ముందే ‘ఇక నిది యడుగును’ అని యూహించి పని మొదలుపెట్టును. ఊహ తప్పినచో చేసినదానిని రద్దుచేయును. కాని రద్దుచేసిన పనియొక్క జాడ మిగిలిపోవుచుండెను. వంటయింట ముందుగా నూనె కాచి, వలదన్న పిమ్మట మూకుడు దించినను, ఆ వాసన అరుగుమీదివానికి ‘నేడు గారె లనుకొనిరి’ అని చెప్పుచున్నట్లు. గోడ పగులలేదు, గోడప్రక్కనుండి రహస్యము వాసనవలె కారినది. వెంటనే ఫోనులకు, కంప్యూటరులకు మరమ్మతులు పంపిరి. క్రోమ్‌వారు ఆ యేటనే ఒక్కొక్క సంస్థ పుటలను ఒక్కొక్క వేఱు గదిలో పెట్టిరి. ఫోను ‘నవీకరింతునా?’ అని యడిగినపుడు విసుగుకొనక ఒప్పుకొనవలసినది ఇట్టి పగుళ్లు పూడ్చుకొనుటకే.

ఇంతవఱకు చదివి, ‘ఇన్ని ప్రమాదములున్నచో ఆడపిల్లల చేతికి ఫోనే ఇవ్వరాదు’ అని తీర్మానించు అత్తగారలు, తండ్రులు ఉందురని యెఱుగుదును. నా మాట దానికి పూర్తిగా విరుద్ధము. అరుగు కట్టినది అతిథులను తఱుముటకు గాదు, నిర్భయముగా పిలుచుటకు. మా యింటివారి బడిలో చదివి, ఇప్పుడు ఇంజనీరింగులో నున్న ఆడపిల్లలకు కొందఱికి కంప్యూటరు లేదు. ఇంటికంతకు నొక్క ఫోను. ఆ ఫోనులోనే నాన్నగారి బ్యాంకు, అమ్మ డ్వాక్రా లెక్కలు. అట్టి పిల్ల పైతాను భాషలో ఆజ్ఞలు వ్రాయుట నేర్చుకొనగలదా యన, నేర్చుకొనగలదు. 2017నాటికి ప్రధానమైన బ్రౌజరు లన్నిటిలోను వెబ్అసెంబ్లీ యను ఏర్పాటు వచ్చినది. దాని యాధారముతో 2018లో మొజిల్లావారియొద్ద మొదలైన పయొడైడ్ అను సాధనము, పైతానును పుటలోపలనే నడుపును. పిల్ల తప్పు వ్రాసి యంత్రమును సుడిగుండములో త్రిప్పినను, పుట మూసినచో సరి. ఇంటి ఖాతాపుస్తకమునకు గోటిగాటు పడదు. మట్టినేల మీద పడి నడక నేర్చిన బిడ్డకు దెబ్బ తగలనట్లే. ఈ మధ్య కృత్రిమమేధ యను యంత్రమే ఆజ్ఞలు వ్రాసియిచ్చుచున్నది. అది వ్రాసినదానిని ఆ పిల్లయు పూర్తిగా చదివియుండదు, యంత్రమును దానికి పూచీపడదు. అట్టిదానిని ముందుగా అరుగుమీదనే నడిపి చూడుమని పిల్లలకు చెప్పుడు; నడుపవద్దని మాత్రము చెప్పకుడు.

ఇంట నాచరింపదగినవి కొన్ని చెప్పెదను. ఇంట మూలపడిన పాత ఫోను ఉన్నచో, అందులోని సిమ్ము, బ్యాంకు యాప్‌లు తీసివేసి, అంతయు తుడిచి, క్రొత్త ఖాతాతో పిల్లల యాటలకు దానిని కేటాయింపుడు. అదియే మీ యరుగు. నెలకొకసారి, దీపావళికి బీరువా సర్దినట్లు, ఫోను సెట్టింగులు తెఱచి, ‘తెలియని యాప్‌ల స్థాపన’ అను నధికారము వాట్సాపునకు గాని బ్రౌజరునకు గాని ఇచ్చియున్నదేమో చూడుడు; ఇచ్చియున్నచో తీసివేయుడు. యాక్సెసిబిలిటీ పట్టికలో మీరెఱుగని పేరున్నచో ఒక్క దినమైనను ఉంచరాదు. ఎస్సెమ్మెస్ చదువు ననుమతి దీపపు యాప్‌నకును, పాటల యాప్‌నకును ఏల యుండవలెనో మీరే విచారింపుడు. చదువురాని అత్తగారి ఫోనును కూడ మీరే చూడవలెను.

అంతయు జాగ్రత్తగా నుండియు ఆపద వచ్చినచో? 2025లో మిరపధర పడిపోయినపుడు కేంద్రప్రభుత్వము క్వింటాలుకు 11,781 రూపాయల జోక్యపుధర నిర్ణయించినది మీకు జ్ఞాపకముండును. ఎండలో కోసి, కల్లములో ఆరబోసి, తొడిమలు తీసి, గుంటూరు యార్డునకు తోలిన పది క్వింటాళ్ల విలువ ఒక్క వ్రేలితాకున పోవును. అట్టి నష్టము తనచేత జరిగినదని తెలిసినపుడు ఇల్లాలు మొదట చేయునది దాచుట. భర్త ఏమనునో, అత్తగారు ఏమనునో యని రెండు దినములు నిద్రాహారములు మాని కుములును. ఆ రెండు దినములే దొంగకు కావలసినవి. పోయిన సొమ్ము ఒక ఖాతానుండి మఱియొక ఖాతాకు, అచ్చటినుండి ఇంకొకదానికి పరుగెత్తుచుండును. దారిలో నున్నంతవఱకే దానిని ఆపుట సాధ్యము. సీతమ్మ విషయమున నేను చెప్పిన మాట ఇచ్చట స్మరింపుడు. ఇంట నెవరికైన నిట్లు జరిగినచో నింద పిమ్మట పెట్టుకొనవచ్చును. ముందు ఆమె నోరు విప్పునట్లు చేయుడు.

విప్పిన వెంటనే చేయవలసినది ఇది. ఆ ఫోనుయొక్క డేటాను, వైఫైని ఆపి, విమానచిహ్నము నొక్కవలెను. వేఱొక ఫోనునుండి 1930 సంఖ్యకు పిలిచి ఖాతాసంఖ్య, పోయిన మొత్తము, వేళ చెప్పవలెను. బ్యాంకునకు తెలిపి ఖాతాను నిలుపుదల చేయింపవలెను. కేంద్రప్రభుత్వపు సైబరుక్రైమ్ పుటలోను ఫిర్యాదు వ్రాయవచ్చును. బ్యాంకునకు తెలిపిన పిమ్మట జరుగు నష్టమును బ్యాంకే భరింపవలెనని 2017 జూలై 6న రిజర్వుబ్యాంకువా రిచ్చిన యుత్తరువులో చెప్పబడినది. కావున తెలిపిన దినమును, వేళను, వా రిచ్చిన ఫిర్యాదుసంఖ్యను కాగితముపై వ్రాసి పెట్టుకొనుడు. ఆ దొంగయాప్‌ను తీసివేయుటకు ముందు దాని పేరు, వచ్చిన సందేశము మఱియొక ఫోనుతో ఫొటో తీసియుంచినచో పోలీసువారికి ఉపయోగపడును. పిమ్మట ఫోనును పూర్తిగా తుడిచివేయించి, బ్యాంకు రహస్యసంఖ్యలన్నియు వేఱొక ఫోనునుండి మార్చుకొనవలెను.

1930ను ఫోనులో దాచుకొనుట చాలదు. పోయినది ఆ ఫోనే కావచ్చును. మా వంటయింట గోడక్యాలెండరుమీద, గ్యాసుబండ సంఖ్య ప్రక్కన, పసుపుచేయి తగిలినను చెఱగకుండ బొగ్గుమసివంటి పెన్నుతో పెద్దయక్షరములుగా వ్రాసియుంచితిని.